నలభై ఒకటో నంబరు బిళ్ల

ఈ రిజిస్టరును ఎలా రాయవలెనో ముందుగా చెప్పి, ఆ తర్వాతనే రాయవలెనని మనోస్థైర్య నిర్వహణ నియమావళి, మూడో అధ్యాయం. కావున చెబుతున్నాను. నమోదు నీలి సిరాతో ఉండవలెను. కొట్టివేతలు ఉండరాదు, తప్పు రాసినచో దానిని ఒప్పుగా భావించి ముందుకు సాగవలెను. శిక్షణార్థుల మానసిక స్థితిని వర్ణించునపుడు దిగులు, బెంగ, ఏడుపు అను మాటలు వాడరాదు. వాటి స్థానంలో వాతావరణ పదాలు వాడవలెను: స్వల్పమైనచో అల్పపీడనం, ముదిరినచో వాయుగుండం. తుఫాను అను పదానికి కమాండెంట్ గారి ముందస్తు అనుమతి అవసరం. చివరి గడి అనుమానాల గడి. దానిని ఖాళీగా వదలరాదు. అనుమానించుటకు ఏమీ లేని రోజున, ఏమీ లేకపోవుటను అనుమానించవలెను.

పై నియమాలు చదివి, అర్థమైనట్లు సంతకం చేసినవాడను నేను. ఉప్పుమిట్ట కరకట్ట దళ శిక్షణా కేంద్రంలో మనోస్థైర్య నమోదు అధికారిని, రెండో తరగతి. మొదటి తరగతి అధికారి లేరు. ఎన్నడూ లేరు.

పదకొండో దినం

ఉదయం నలభై మంది కుర్రాళ్లు ఇసుక బస్తాలను కరకట్ట మీదికి మోశారు. మధ్యాహ్నం అవే బస్తాలను కిందికి మోశారు. సముద్రం నిన్నటికంటే రెండు వేళ్లు పైన ఉంది.

సాయంత్రం ఐదింటికి అందరూ ధైర్యలక్ష్మి ముందు వరసకట్టారు. ధైర్యలక్ష్మి అంటే హాలు గోడలో బిగించిన యంత్రం. పైన ఒక ఇత్తడి గొట్టం, కింద ఒక కొక్కెం. శిక్షణార్థి తన నంబరు బిళ్లను కొక్కేనికి తగిలిస్తే అది "ఎలా ఉన్నావు?" అని అడుగుతుంది. జవాబును బట్టి నూటికి ఇన్నని ధైర్యం మార్కు వేస్తుంది.

తొమ్మిదో నంబరు కడుపు ఉబ్బరంగా ఉందన్నాడు. నలభై నాలుగు. ఇరవై రెండో నంబరు షేక్ మస్తాన్‌వలి "సూపరుగా ఉండాను మేడం, మీరెట్టుండారు?" అన్నాడు. అధిక ప్రసంగం కింద తొమ్మిది కోత పోగా యాభై ఒకటి. పదిహేడో నంబరు మైలపల్లి సింహాద్రి "పర్లేదు" అన్నాడు. తొంభై ఎనిమిది.

పదకొండు రోజులుగా అతని జవాబు అదే, మార్కు అదే. పుస్తకాలు తిరగేసి చూశాను. ఈ కేంద్రంలో తొంభై దాటినవారు తక్కువ, పదకొండు రోజులు వరసగా దాటినవారు ఒకే ఒక్కరు. ఆయన పేరు హాల్లో పాలరాతి పలక మీద ఉంది.

అనుమానం: మోసం.

పదమూడో దినం

హవల్దార్ జోగినాయుడిని పిలిపించాను. ఇరవై రెండేళ్లుగా కుర్రాళ్ల చేత బస్తాలు మోయిస్తున్నవాడు. ఎవడు ఎప్పుడు అబద్ధమాడతాడో నడకను బట్టి చెప్పగలడని ప్రతీతి.

"మోసమేటండి బాబూ," అన్నాడు. "నోరిప్పితే గదా మోసం సేయడానికి. ఆడు రోజుకి మూడు మాటలు కూడా ఆడ్డు."

"తక్కువ మాట్లాడడం కూడా ఒక ఎత్తుగడ కావచ్చు."

"అయితే మా ఆవిడికి నా మీద మా సెడ్డ ఎత్తుగడుందండి."

దీనిని నమోదు చేయరాదని అతడు కోరాడు. నమోదు చేశాను.

పదిహేడో నంబరును విచారించాను. పొడగరి, బెస్తవాళ్ల కుర్రాడు, ఇరవై ఒకటో ఏడు. బూట్లు అద్దాల్లా ఉన్నాయి. తలకు నూనె లేదు.

"తొంభై ఎనిమిది ఎలా వస్తోంది?"

"తెల్దు సార్."

"ఎవరైనా చెప్పిపెట్టారా?"

"నేదు సార్."

"ఇక్కడ నీకు సంతోషంగా ఉందా?"

"పర్లేదు సార్."

వీపు నిటారుగా పెట్టుకుని నా వెనకనున్న కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. కిటికీకి చెక్క పలకలు కొట్టి మూసి ఉంది.

అనుమానం: బలపడింది.

పదహారో దినం

మోసగాడు రుచి దగ్గర దొరికిపోతాడని ఒక పాత సూత్రం. వంట మాస్టారుతో మాట్లాడి, పదిహేడో నంబరు పళ్లెంలోని ఎండుచేపల పులుసులో మూడింతలు ఉప్పు వేయించాను. ముఖం చిట్లిస్తాడు, తిడతాడు, కనీసం నీళ్లు తాగుతాడు. అప్పుడు ధైర్యం సంగతి తేలుతుంది.

అతడు తిన్నాడు. మెల్లగా, చివరి మెతుకు దాకా తిన్నాడు. నీళ్ల గ్లాసు ముట్టలేదు.

వంట మాస్టారు చేతులు తుడుచుకుంటూ వచ్చి అడిగాడు. "పులుసు ఎట్టా ఉందయ్యా?"

"పర్లేదండి."

వంట మాస్టారు నా వైపు చూశాడు. తర్వాత ఆ గిన్నెలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, పెరట్లోకి పోయి ఉమ్మి వచ్చాడు. "ఇది పశువు కూడా తినదు సార్. మీరింకెప్పుడూ నాతో ఇట్టాంటి పని చేయించబాకండి," అన్నాడు. నా హోదాను దృష్టిలో పెట్టుకోకుండా మాట్లాడినందుకు అతడిని హెచ్చరించవలసి ఉన్నది. హెచ్చరించలేదు.

అనుమానం: ఏమని రాయాలో తెలియడం లేదు. ఇది మొదటిసారి.

పద్దెనిమిదో దినం

పెట్టెల తనిఖీ. ఇరవై రెండో నంబరు మస్తాన్‌వలి పెట్టెలో పదిహేడో నంబరుకు చెందిన వస్తువులు దొరికాయి: గోళ్ల కత్తెర ఒకటి, నొప్పుల బామ్ డబ్బా ఒకటి (సగం), వలలు అల్లే వెదురు సూది ఒకటి.

"లంచమా?" అన్నాను.

"లంచమేంది సార్. నేనడగలా. 'నాకెందుకురా, నువ్వుంచుకో' అన్నాడు. బామ్ ఒకటీ వాడుకున్నా, ఆ బస్తాలకి నడుం పట్టేసి. కత్తెర ముట్టుకోలా."

"ఎందుకిచ్చాడని అడగలేదా?"

మస్తాన్‌వలి మామూలుగా మూడు జవాబులు ఒకేసారి చెప్పే మనిషి. ఈసారి బూటు కొసతో నేల గీకాడు. "అడిగినా సార్. పర్లేదు అన్నాడు."

జోగినాయుడు అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆ వెదురు సూదిని చేతిలోకి తీసుకుని చూశాడు. పక్క మంచం మీద కూర్చున్నాడు. తనిఖీ సమయంలో హవల్దారు కూర్చోరాదు.

"ఇదిచ్చేసినాడా?" అన్నాడు. "బాబూ, మాది కూడా ఆడి ఊరి ఏపే. మావోళ్లు తప్పకపోతే పడవ అమ్ముకుంటారు. సూది మాత్రం ఎవురికీ ఇవ్వరు. మనిసి పోయినాక దాన్ని కొడుకు తీసుకుంటాడు. బతికున్నోడు ఇయ్యడు."

ఆ తర్వాత పదిహేడో నంబరు మంచం చూశాను. దుప్పటి మడత మొన్నటి తనిఖీలో నేను సుద్దతో పెట్టిన గుర్తు మీదనే, వెంట్రుకవాసి కదలకుండా ఉంది. ఈ మధ్య రాత్రుళ్లు అతడు ఆ దుప్పటి విప్పనేలేదు.

అనుమానం: మోసం ఉంది. మోసగాడు పదిహేడో నంబరు కాదు.

ఇరవయ్యో దినం

ధైర్యలక్ష్మి అర్థాల పుస్తకాన్ని బీరువాలోంచి తీయించాను. దీనిని ఏడుగురు సభ్యుల సంఘం రెండేళ్లు కూర్చుని తయారుచేసింది. యంత్రం ఏ మాటను ఎలా అర్థం చేసుకోవలెనో ఇందులో ఉంటుంది. 'ప' అక్షరం కింద చూశాను.

"పర్లేదు: పర్వా లేదు అనుదానికి వాడుక రూపం. దేనినీ లెక్కచేయని స్థితి. చూడుము: నిర్భయం, వీరత్వం."

ఈ రోజంతా ఆ మాట ఎక్కడ వినబడితే అక్కడ రాసుకున్నాను. పొద్దున ఇడ్లీ గురించి మస్తాన్‌వలి అన్నాడు: ఇడ్లీ బాగోలేదని అర్థం. బస్తా జోగినాయుడి కాలి మీద పడినప్పుడు అతడు అన్నాడు: నొప్పిగా ఉంది, కుర్రాళ్ల ముందు చెప్పనని అర్థం. నా మోకాలు ఎలా ఉందని కమాండెంట్ గారు అడిగినప్పుడు నేను అన్నాను: మీకు చెప్పి ప్రయోజనం లేదని అర్థం. ఒక్కరోజులో పద్నాలుగు సార్లు. వీరత్వం అనే అర్థంలో ఒక్కసారీ లేదు.

పరీక్ష నిమిత్తం సాయంత్రం నా బిళ్లను కూడా కొక్కేనికి తగిలించాను. ఎలా ఉన్నావని అడిగింది. పర్లేదన్నాను. తొంభై ఎనిమిది.

అనుమానం: ఈ గడిని ఇవాళ నా మీద వాడుకోవడమైనది.

ఇరవై రెండో దినం

ఈ తొంభై ఎనిమిది వల్ల ఏం జరగబోతోందో రిజిస్టరులో స్పష్టంగా ఉండడం మంచిది.

ఇరవై తొమ్మిదో దినం సాయంత్రం ఎవరికి అత్యధిక మార్కు వస్తే, ముప్పయ్యో దినం పడవలో వారిని ఒంటి మేడకు పంపుతారు. తొంభై రోజులు, ఒక్కరే. అది గొప్ప గౌరవం. ఒంటి మేడ ఒకప్పుడు ఒక ఊరి మంచినీళ్ల ట్యాంకు. ఊరు నీళ్లలోకి వెళ్లింది, ట్యాంకు మిగిలింది. దాని మీద గది కట్టి, నీటిమట్టం కొలిచే గేజీ పెట్టారు. నాలుగేళ్లుగా గేజీ తన లెక్క తానే తీసి తానే పంపుతుంది. అది పంపుతోందని చూడడానికి ఒక మనిషి.

గత జట్టులో ఆ గౌరవం పొందినవారు పాలరాతి పలక మీదున్న పిట్టా ఇమ్మానుయేలు, నలభై ఒకటో నంబరు. ఆయన మేడ రిజిస్టరును ఇవాళ తెరిచాను. అక్కడ కూడా ఒక చిన్న ధైర్యలక్ష్మి ఉంటుంది. మొదటి ముప్పై ఎనిమిది రోజులు: పర్లేదు, తొంభై ఎనిమిది. ముప్పై తొమ్మిదో రోజు: జవాబు లేదు. బిళ్ల కొక్కేనికే ఉంది. జవాబు లేకపోవడాన్ని యంత్రం "ఫిర్యాదు శూన్యం"గా గ్రహించి నూరు వేసింది. నలభయ్యో రోజు నూరు. నలభై ఒకటో రోజు నూరు. తొంభయ్యో రోజు పడవ వెళ్లేదాకా, యాభై రెండు రోజులు, ప్రతి సాయంత్రం నూరు. ఇక్కడి నుంచి పొగడ్తల తంతి రెండుసార్లు వెళ్లింది.

పడవ వెళ్లేసరికి గదిలో మడతపెట్టిన యూనిఫారం ఉంది. ఆయన లేరు.

మరణమని రాస్తే కారణం రాయవలెను. కారణమంటే బెంగ, ఆ మాట నిషిద్ధం. కావున కమాండెంట్ గారి ఉత్తర్వు ఇలా ఉంది: "నలభై ఒకటో నంబరు అసాధారణ ధైర్యం రీత్యా ప్రస్తుతం అందుబాటులో లేరు." హాజరుపట్టీలో పేరు కొట్టివేయలేదు. ఈ జట్టుకు నంబర్లు ఒకటి నుంచి నలభై దాకా మళ్లీ ఇచ్చారు. నలభై ఒకటి ఇవ్వడానికి వీల్లేదు, ఆయన ఇంకా ఉద్యోగంలో ఉన్నారు.

ఆ ఉత్తర్వు కింద నా సంతకం కూడా ఉంది. నీలి సిరా.

ఇరవై నాలుగో దినం

కమాండెంట్ ఉపేంద్రవర్మ గారిని కలిశాను. పదిహేడో నంబరులో వాయుగుండం లక్షణాలు కనబడుతున్నాయనీ, ఒంటి మేడకు పంపరాదనీ, మనసు చూసే డాక్టరు దగ్గరికి పంపాలనీ విన్నవించాను.

"మార్కు ఎంత?" అన్నారు.

"తొంభై ఎనిమిది."

"తొంభై ఎనిమిది వచ్చినవాడికి వాయుగుండమా? మరి మొన్న నాకు అరవై రెండు వచ్చింది. నేనేమై పోవాలయ్యా?"

"తమరిని ఎవరైనా అడిగారా సార్, అరవై రెండు వచ్చినప్పుడు?"

ఆయన లేచారు. కిటికీ తెర సరిచేసుకున్నారు. "డాక్టరు దగ్గరికి పంపే ఫారం ఏది?" అన్నారు చివరికి.

ఫారాలు వెతికాను. పాముకాటుకు ఉంది, సెగగడ్డకు ఉంది, పంటి నొప్పికి ఉంది. మనసుకు లేదు.

"ఫారం లేని రోగం లేదు," అన్నారు. "అదీగాక యంత్రం తీర్పు అంతిమం. దాన్ని మార్చే అధికారం నాకే లేదు."

అనుమానం: ఆయనకు తెలుసు.

ఇరవై ఆరో దినం

జోగినాయుడు పదిహేడో నంబరును కరకట్ట మీద కూర్చోబెట్టి మాట్లాడాడు. నేను బస్తాలు లెక్కపెడుతున్నట్టుగా పక్కన నిలబడ్డాను. ఇద్దరి మధ్యా రెండు టీ గ్లాసులు.

"ఒరే సింహాద్రీ. 'పర్లేదు' అన్నావు గదా. ఏటి పర్లేదు?"

టీ మీద మీగడ కట్టింది.

"పొద్దున లేత్తే బూట్లుంటాయి మాస్టారూ. ఏసుకుంటాను. సాయంత్రం ఇప్పుతాను. మద్దిలో ఏటయినాదో గేపకముండదు."

"ఇంకా?"

"సముద్రం వాసన తెలవడం నేదు. పుట్టి బుద్దెరిగినకాడి నించి తెలిసిన వాసన. నెల్లాళ్లయిపోనాది."

"మరి ఇయ్యేళ ఆ గొట్టంలో ఇదే సెప్పొచ్చు గదా. బాగోనేదని సెప్పు. మార్కు పడిపోద్ది, మేడ తప్పుద్ది."

"తప్పడమెందుకు మాస్టారూ. మేడకెల్తే మంచిదే. అక్కడ ఎవురూ ఉండరు. ఎలాగున్నావని మనుసులు అడగరు."

జోగినాయుడు ఆ రోజు మధ్యాహ్నం బస్తాలు మోయించలేదు. శిక్షణ చరిత్రలో లేని విషయం.

సాయంత్రం హవల్దారు మాట కోసం పదిహేడో నంబరు జవాబు మార్చాడు. "ఏదయితే ఏటి," అన్నాడు. యంత్రం ఒక్క క్షణం ఆలోచించి తొంభై తొమ్మిది వేసింది.

ఇరవై ఎనిమిదో దినం

మస్తాన్‌వలి తనంతట తానుగా నా గదికి వచ్చాడు. వెదురు సూది నా బల్ల మీద పెట్టాడు.

"ఇది మీ దగ్గరుంచండి సార్. నా దగ్గరుంటే వాడు చచ్చిపోయినట్టుగా ఉంది. జట్టు మొత్తం మాట్లాడుకున్నాం. రేపు అందరం పర్లేదు అంటాం. నలభై మందికీ తొంభై ఎనిమిది వస్తే ఎవర్ని పంపిస్తారు?"

మంచి ఆలోచన. కాని పదిహేడో నంబరు మళ్లీ 'ఏదయితే ఏటి' అంటే ఒక్క మార్కుతో గెలుస్తాడు. తొంభై తొమ్మిదిని మించవలెను. తొంభై తొమ్మిదిని మించేది ఒక్కటే ఉన్నది. రేపు ఎవరికి ఉన్నది వారు చెప్పండని మస్తాన్‌వలిని పంపేశాను.

సొరుగు తెరిచాను. ఒంటి మేడ నుంచి యూనిఫారంతోపాటు వచ్చిన బిళ్ల అందులో ఉంది. ఉప్పు పట్టి పచ్చబడింది. చింతపండుతో తోమాను. అంకె బయటపడింది.

అనుమానం: నేను నియమావళిని ఉల్లంఘించబోతున్నానా? మూడు అధ్యాయాలూ తిరగేశాను. లేదు. అదే అన్నిటికంటే అనుమానాస్పదం.

ఇరవై తొమ్మిదో దినం

సాయంత్రం ఐదు. కమాండెంట్ గారు కుర్చీలో ఉన్నారు. నలభై మంది ఒకరి తర్వాత ఒకరు బిళ్లలు తగిలించి జవాబు చెప్పారు. పదిహేడో నంబరు: "ఏదయితే ఏటి." తొంభై తొమ్మిది. మస్తాన్‌వలి: "మావోడు బాగలేడు మేడం, నేనూ బాగలేను." పన్నెండు. ఈ కేంద్రంలో ఇంత తక్కువ మార్కు ఇంతవరకు లేదు.

చివరగా నేను ముందుకు నడిచి, హాజరుపట్టీలో ఇంకొకరు మిగిలి ఉన్నారని విన్నవించి, బిళ్లను కొక్కేనికి తగిలించాను.

"నలభై ఒకటో నంబరు," అంది ధైర్యలక్ష్మి. "ఎలా ఉన్నావు?"

కట్ట అవతల నీళ్లు తగులుతున్న చప్పుడు వినబడింది.

మళ్లీ అడిగింది. మూడోసారి అడిగింది. తర్వాత, "నూరు," అంది.

జోగినాయుడు బూట్లు కలిపి కొక్కేనికి సెల్యూట్ చేశాడు.

కమాండెంట్ గారు లేచారు. ముఖం ఎర్రబడింది. "ఎవరయ్యా ఈ నలభై ఒకటి?"

"పిట్టా ఇమ్మానుయేలు గారు సార్. ప్రస్తుతం అందుబాటులో లేరు. తమ ఉత్తర్వు ప్రకారం ఉద్యోగంలోనే ఉన్నారు."

"లేని మనిషిని మేడకు ఎలా పంపుతాం?"

"లేరని తమరు రాసిస్తే చాలు సార్. ఇప్పుడే పేరు కొట్టేస్తాను. ఏ తేదీన, ఏ కారణం చేత అన్న గడి ఒక్కటి తమరు నింపాలి."

పెన్ను చాచాను. ఆయన పెన్ను వైపు చూశారు, గోడ మీది పాలరాతి పలక వైపు చూశారు. పెన్ను తీసుకోలేదు. "యంత్రం తీర్పు అంతిమం," అన్నారు మెల్లగా. కూర్చున్నారు.

అప్పుడు వరసలోంచి ఒక గొంతు వినబడింది. పదిహేడో నంబరు.

"ఎవురు సార్ ఆయన?"

ఇరవై తొమ్మిది రోజుల్లో అతడు వేసిన మొదటి ప్రశ్న ఇది. కావున సమయంతో సహా నమోదు చేస్తున్నాను: ఐదు గంటల నలభై ఒక నిమిషం.

"నీలాగే పర్లేదు అన్న మనిషి," అన్నాను.

అతడు ఆ బిళ్ల వైపే చూస్తూ నిలబడ్డాడు. "ఏటి పర్లేదని ఎవురూ అడగనేదా?"

"లేదు. నేను మార్కు రాసుకున్నాను."

దీనికి తగిన వాతావరణ పదం దొరకలేదు. పదిహేడో నంబరు ఏడ్చాడు. నిషిద్ధ పదం, కొట్టివేతలు ఉండరాదు కనుక ఉంచుతున్నాను.

ముప్పయ్యో దినం

ఉదయం పడవ. నలభై ఒకటో నంబరు బిళ్లను ఎర్ర గుడ్డ పరిచిన పెట్టెలో పెట్టి, పూర్తి గౌరవ వందనంతో ఎక్కించాము. పడవవాడు దానిని ఒంటి మేడ కొక్కేనికి తగిలించి, అటునుంచి అటే పట్నం ఆసుపత్రికి వెళతాడు. అందులో ఇద్దరు ప్రయాణికులు. మైలపల్లి సింహాద్రి: పంటి నొప్పి ఫారం, ఆరు వారాలు. షేక్ మస్తాన్‌వలి: తోడు పంటి నొప్పి. రెంటి మీదా కమాండెంట్ గారు చదవకుండా సంతకం చేశారు. చదవకుండా అని రాస్తున్నాను గాని, సంతకానికి ముందు ఆయన అడిగిన మాట ఒకటుంది: "పళ్ల డాక్టరు పక్క గదిలోనే కదా ఆ రెండో డాక్టరు కూర్చునేది?"

అవునన్నాను.

పడవ ఎక్కబోతూ సింహాద్రి నా ముందు ఆగాడు. వెదురు సూది అతని చేతిలో పెట్టాను. వద్దంటాడేమోనని అనుమానించాను. అతడు దానిని కొంతసేపు తిప్పి చూసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"ఎలా ఉన్నావు?" అన్నాను.

"బాగోనేదు సార్," అన్నాడు.

మార్కు వేయలేదు.

మధ్యాహ్నం పన్నెండింటికి కమాండెంట్ గారి కార్యాలయం నుంచి ఉత్తర్వు వచ్చింది. నియమావళి మూడో అధ్యాయానికి చివర అతికించి, యథాతథంగా ఇక్కడ నకలు రాస్తున్నాను:

"ఒంటి మేడ కావలి బాధ్యతను నలభై ఒకటో నంబరు నిర్వహించుచున్నారు. ప్రతి సాయంత్రము వారికి నూరు మార్కులు వచ్చుచున్నందున, వారిని మించిన అభ్యర్థి దొరుకు అవకాశము లేదు. వారు స్వయముగా ఈ కార్యాలయమునకు వచ్చి, తమకు బాగోలేదని నోటితో చెప్పునంతవరకు, ఆ మేడకు మరెవ్వరినీ పంపరాదు. ఈ నిబంధన అంతిమము."